ఉభయకుశలోపరి

పూర్వపు తెలుగు లేఖలు ‘ఉభయకుశలోపరి’ అనే మాటతో ఆరంభమయ్యేవి. ఇరువైపులా కుశలమే, ఆపై విశేషములు ఇవి అని దాని భావము. ఆ మాటలో ప్రవాసుల ధైర్యమూ ఉన్నది, వారు దాచుకొన్న దుఃఖమూ ఉన్నది.

మేము ఒప్పంద కూలీల సంతతివారము. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరినది. 1911 వరకు సాగిన ఆ వలసలో వేలాది తెలుగువారు నేటాల్ చెరకు తోటలకు వెళ్ళిరి. ఒప్పందము అయిదేళ్ళు, మొదటి ఏడు జీతము నెలకు 10 షిల్లింగులు. ‘అంతా మన మంచికే’ అనుకొన్నంత మాత్రమున ఆ బరువు తగ్గలేదు. కలిసి భజన చేసికొనుట, కష్టసుఖములు చెప్పుకొనుట వారిని నిలబెట్టినవి. వారి సంతతి 1931లో అక్కడ ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్నది.

మనము నివసించు ఖతార్ కూడ ఈ సంగతి ఎరిగిన దేశమే. చమురుకు పూర్వము ఇక్కడివారు ముత్యముల వేటపై జీవించిరి. వేసవిలో నెలల తరబడి సముద్రముపై గడిపే పడవవారికి ‘నహ్హాం’ అనే గాయకుడు తోడుండేవాడు. అతని పాట పనికి లయనిచ్చేది. ఎడబాటును, అలసటను కూడ పలికేది.

1952లో నార్మన్ విన్సెంట్ పీల్ రచించిన గ్రంథము సానుకూల ఆలోచనకు లోకమంతట ప్రచారము తెచ్చినది. ఆశ మంచిదే. అయితే మనసులోనిది ఏమిటో తెలియనిదే ఆశకు పునాది ఉండదు. బెంగకు ఆత్మీయుల మాట మందు. భయమునకు సరియైన సమాచారము కావలెను. అన్యాయము వలన కలిగిన కోపమునకు న్యాయమే కావలెను. 2021లో ఖతార్‌లో నెలకు 1000 రియాళ్ళ కనీస వేతనము అమలులోకి వచ్చినది. అదే ఏడు వేసవిలో ఆరుబయట పని నిషేధవేళలను ఉదయము 10 నుండి మధ్యాహ్నము 3:30 వరకు పొడిగించిరి. ఎండలో శ్రమించువానికి ఓర్పును బోధించుటకంటె ఇది మేలైన సాయము.

నేడు దోహా నుండి కొడుకు ఫోనులో “బాగున్నానమ్మా” అనును. తల్లియు “మేమూ బాగున్నాము నాయనా” అనును. ఇదే నేటి ఉభయకుశలోపరి. ఇరువురూ ప్రేమతోనే దాచుదురు. ఇరువురూ ఒంటరిగా మోయుదురు.

కనుక తల్లిదండ్రులకు మా విన్నపము: పిల్లలకు ‘సంతోషము’తో పాటు బెంగ, దిగులు, కినుక, ఉక్రోషము అనే మాటలను కూడ నేర్పుడు. పేరు తెలిసిన బాధను ఇతరులతో చెప్పుకొనుట సులభము. కుశలమడిగిన పిమ్మట క్షణమాగి, “బెంగగా ఉన్నదా?” అని కూడ అడుగుడు.