పాత మిద్దె పక్కన రెండంతస్తుల నిర్మాణం – ముందుగా చూడవలసినవి

బళ్లారి ప్రాంతపు పాత తెలుగు లోగిళ్లలో రాతి, మట్టి గోడలపై దూలాలు వేసి మన్ను కప్పిన మిద్దెలు నేటికీ కనిపిస్తాయి. ఆ గోడలు పై అంతస్తు బరువు మోయడానికి కట్టినవి కావు. కుటుంబం పెరిగినపుడు పక్క ఖాళీ స్థలంలో సొంత పునాది, స్తంభాలతో రెండంతస్తుల భాగాన్ని నిర్మించుకోవడమే క్షేమం.

పత్రాలు: ఇల్లు గతించిన పెద్దల పేరనే ఉంటే మొదట ఖాతా మార్పించుకోవాలి. కర్ణాటక గ్రామ పంచాయతీలలో ఈ-స్వత్తు ద్వారా 9, 11 నమూనాలు ఇస్తారు. అయితే ఖాతా పన్నుకు ఆధారమే గాని హక్కును నిర్ణయించదు. పిత్రార్జితంలో 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం కుమార్తెలకు సమాన హక్కు కల్పించింది. కనుక అన్నదమ్ములతోపాటు ఆడపడుచుల అంగీకారమూ వ్రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటపై లేచిన గోడ వ్యాజ్యానికి దారితీయవచ్చు.

పునాది: నల్లరేగడి తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకొని బీటలు వారుతుంది. లోతును ఇంజనీరు చేతనే నిర్ణయింపజేయాలి. పాత గోడ వెంబడి దాని పునాది కంటే లోతుగా ఒకేసారి తవ్వితే ఆ గోడ కుంగవచ్చు. కొద్దికొద్దిగా తవ్వి నింపుకుంటూ పోవాలి. కొత్త కట్టడం తన బరువుకు కొంత దిగుతుంది. అందువల్ల రెండు గోడలను కలపక సన్నని సందు వదిలి, వాననీరు దిగకుండా పైన రేకు కప్పాలి.

కాంక్రీటు: ఐ.ఎస్. 456 (2000) ప్రకారం ఆర్.సి.సి.కి కనీసం ఎం-20 రకం వాడాలి. సాధారణ సిమెంటుకు 7 రోజులు, మిశ్రమ సిమెంటుకు 10 రోజులు తగ్గకుండా తడి నిలపాలి. ఎండ తీవ్రంగా ఉంటే సాధారణ సిమెంటుకు 10 రోజులు, మిశ్రమ సిమెంటుకు 14 రోజులు అవసరం.

మెట్లు: వృద్ధుల సౌకర్యార్థం మెట్టు ఎత్తు 19 సెం.మీ. మించరాదు, అడుగు పెట్టే వెడల్పు 25 సెం.మీ. తగ్గరాదు.