పసుల వెంట కుదిరిన జతలు

పల్లెటూరి చిన్ననాటి స్నేహం అనగానే బడి, పలక, సెలవుల ఆటలు రాయడం మనకు అలవాటైపోయింది. కర్నూలు, కడప మెట్ట ఊళ్లలో మాత్రం తరతరాలుగా ఎక్కువమంది పిల్లలకు జతగాళ్లు కుదిరింది బడిలో కాదు, పనిలో. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల లెక్కలు అడిగితే, బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. కర్నూలు వైపున్న ఆదోని, ఆలూరు సీమ అప్పట్లో బళ్లారి జిల్లాలోదే. సుమారు పది లక్షల జనానికి అక్కడున్నవి 533 బడులు, చదివే పిల్లలు 6,641 మంది. ఆడపిల్లలు అరవై మందే. విదేశీ బట్ట వచ్చి చేతిపనులు దెబ్బతిన్నాయనీ, లేత చేతులకు కాస్త సత్తువ రాగానే బిడ్డల్ని పనిలో పెట్టక తప్పడం లేదనీ ఆయనే ఒప్పుకున్నాడు. ఆ బడి ముచ్చటైనదే. పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్నా చుట్టేవారు, మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు ఒక్కొక్కటే పెరిగేవి. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. అక్కడా స్నేహాలు కుదిరే ఉంటాయి, కానీ అవి కొద్దిమందివి.

మిగతావాళ్లు సద్దిమూట కట్టుకుని పసుల వెంట బీళ్లకూ వంకలకూ పోయారు. అక్కడ జత లేకుంటే పని సాగదు. 1871 నాటి పశువుల చట్టం వచ్చాక, చేలో పడిన గొడ్డును బందెలదొడ్డికి తోలితే జుల్మానా కట్టి విడిపించుకోవాలి. ఆ ఖర్చు పేదింటికి పెద్ద దెబ్బ. అందుకే ఒకడు నీళ్లకు పోతే ఇంకొకడు రెండిళ్ల గొడ్లనూ మళ్లేయాలి. నమ్మకం అక్కడ రోజూ పరీక్షకు నిలిచేది.

అలాగని బీడు కులం లేని చోటేమీ కాదు. అప్పు కింద జీతానికి కుదిరిన బిడ్డ, ఆసామి కొడుకు ఒకే చెట్టు నీడన ఆడుకున్నా, దాహమైతే ఒకే కుండ ముంచుకునేవారు కాదు. ఇలాంటి వెట్టిని రద్దు చేసే చట్టం 1976లో గానీ రాలేదు. అయితే ఈ నిజం నా వాదాన్ని బలపరుస్తుందే తప్ప కొట్టెయ్యదు. స్నేహాన్ని కలిపిందీ, దానికి హద్దు గీసిందీ ఆ పనే. పని చేయించుకోవడం తప్పు కాదు, పిల్లలకు అదే సంతోషం అనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. తోడు దొరకడం వేరు, బడి దక్కకపోవడం వేరు. మొదటిది చూపి రెండోదాన్ని మాఫీ చేయలేం.

పసులు తగ్గినా ఆ తీరు పోలేదు. 1990లలో నంద్యాల చుట్టుపక్కల హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలలో క్రాసింగు పనికి ఆడపిల్లలు గుంపులుగా పోయారు. సాయంత్రం మొగ్గల్లో పుప్పొడి తిత్తులు గిల్లడం, మర్నాడు వేరే మొక్క పువ్వు తెచ్చి అద్దడం, అదీ వాళ్లు పక్కపక్క సాళ్లలో కలిసి గడిపిన బాల్యం. ఆదోని, కోసిగి, కౌతాళం పల్లెల నుంచి నేటికీ కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతుంటాయి. పిల్లలూ వెంట పోతారు. అలా పోకుండా వాళ్లు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సర్కారు సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది. క్యాంప్‌బెల్ లెక్కలు రాసిన సీమలోనే, రెండు వందల ఏళ్ల తర్వాత, ఆ హాస్టళ్ల అవసరం ఇంకా తీరలేదు.