అమెరికా పౌరసత్వం: దరఖాస్తుకు ముందే పాత లోపాలు సరిచేసుకోండి

గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు కావస్తుంటే అమెరికాలోని మనవాళ్లు ఎన్-400 ఫారం నింపడం మొదలుపెడతారు. గడువుకు 90 రోజుల ముందే పంపొచ్చు. కానీ ముందు ఇవి సరిచూసుకోండి.

ప్రయాణాలు: అమ్మీకి బాగాలేదని ఊరొచ్చి ఆరు నెలలు దాటి ఉండిపోయారా? అమెరికాలో ఇల్లు, ఉద్యోగం, కుటుంబం అలాగే కొనసాగాయని ఆధారాలు చూపాలి. ఏడాది దాటితే మామూలుగా నివాసం లెక్క తెగిపోతుంది. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అక్కడ ఉండాలి.

పన్నులు: ఏదైనా ఏడాది రిటర్ను వేయలేదా? ఇప్పుడైనా వేయండి. బాకీ ఉంటే ఐఆర్‌ఎస్‌తో వాయిదాల ఒప్పందం చేసుకుని, కట్టిన రసీదులు దాచుకోండి.

సెలెక్టివ్ సర్వీస్: 18 నుంచి 25 ఏళ్ల మధ్య గ్రీన్‌కార్డుతో ఉన్న మగపిల్లలు ఇందులో నమోదు కావాలి. 26 దాటితే ఇక కుదరదు. 31 ఏళ్లలోపు దరఖాస్తు చేస్తే, తెలిసి మానలేదని వివరణ ఇవ్వాల్సి వస్తుంది.

నికాహ్‌నామా: అమెరికా పౌరులను పెళ్లాడి, కలిసి ఉంటూ మూడేళ్లకే దరఖాస్తు చేసేవారికి పెళ్లి పత్రం కావాలి. అది ఉర్దూలో ఉంటే పూర్తి ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ జతచేయాలి.

కేసులు: కొట్టేసిన కేసైనా చెప్పాలి, కోర్టు కాగితం తెచ్చుకోవాలి. అరెస్టు అయి ఉంటే ఫారం పంపకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి.

పొరపాటును చాలాసార్లు సర్దుకోవచ్చు. దాచిపెట్టి అబద్ధం చెబితే మాత్రం, వచ్చిన పౌరసత్వం కూడా తర్వాత పోవచ్చు.