కాలువ గట్టు, రైలు కట్ట

అలెఘేనీ, మొనాంగహేలా నదులు కలిసి ఒహాయో నదిగా మారే చోట, పిట్స్‌బర్గ్ నగరం నడిబొడ్డున, సైకిలెక్కిన మనిషి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ దాకా సుమారు 335 మైళ్ళు ప్రయాణం చేయవచ్చు. రోడ్డు దాటవలసిన కూడళ్ళు, ఊళ్ళలో వచ్చే కొన్ని చిన్న ముక్కలు మినహాయిస్తే దారి పొడుగునా అతనికి మోటారు వాహనం ఎదురుపడదు. మధ్యలో అలెఘేనీ కొండలు అడ్డంగా ఉన్నా, సైకిలు దిగి నెట్టుకుంటూ పోవలసినంత ఎత్తు ఎక్కడా రాదు. కంబర్లాండ్ వరకు మొదటి 150 మైళ్ళ దారికి గ్రేట్ అలెఘేనీ పాసేజ్ అని పేరు. అక్కడినుంచి తక్కిన 184.5 మైళ్ళూ చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు.

చెట్ల నీడా, నది చప్పుడూ తప్ప మరేమీ లేని ఈ దారిని ప్రకృతి ఇచ్చిన వరంగా భావించడం సహజం. కాని ఇందులో మొదటిది మూతబడిన రైలు కట్ట, రెండవది పోటీలో ఓడిపోయిన కాలువ. రెండూ వ్యాపారం కోసం పుట్టి, వ్యాపారం లేక చచ్చినవే. అయితే చచ్చిన ప్రతి దారీ ఇలా మిగలలేదు. చాలావాటిని పొలాలూ, ఇళ్ళూ, రోడ్లూ మింగేశాయి. ఇవి ఎందుకు మిగిలాయన్నదే ఇక్కడ ప్రశ్న.

ఒకే రోజున మొదలైన పోటీ

1828 జులై 4న అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ ఈ కాలువకు తొలి పార మట్టి తీశాడు. పొటోమాక్ నది వెంట సాగి, కొండలు దాటి, ఒహాయో నదిని అందుకోవాలన్నది ఆనాటి సంకల్పం. సరిగ్గా అదే రోజున బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వేకు బాల్టిమోర్‌లో శంకుస్థాపన జరిగింది. ఇద్దరి గమ్యమూ ఒకటే. పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర నదికీ కొండకీ నడుమ ఉన్న సన్నని నేల ఇద్దరికీ కావలసి వచ్చింది. ఆ తగవు కోర్టులో నాలుగేళ్ళు నడిచింది. 1832లో తీర్పు కాలువకు అనుకూలంగా వచ్చింది కాని, కాలం మాత్రం రైలు పక్షాన నిలిచింది. రైలు 1842లో కంబర్లాండ్ చేరింది. కాలువ చేరినది 1850లో. అక్కడితో అది ఆగిపోయింది. కొండలు దాటే ఆలోచనే విరమించుకున్నారు.

ఆలస్యానికి ఒక కారణం పా-పా సొరంగం. నది వంకరలు తప్పించడానికి కొండను 3,118 అడుగుల మేర తొలిచారు. రెండేళ్ళలో అవుతుందనుకున్న పనికి 1836 నుంచి 1850 దాకా, పద్నాలుగేళ్ళు పట్టింది. ఐర్లండ్, ఇంగ్లండ్, వేల్స్, జర్మనీల నుంచి వచ్చిన కూలీల మధ్య ఘర్షణలు, కలరా, అందని జీతాలు ఆ నిర్మాణ చరిత్రలో భాగమే.

గోదావరి, కృష్ణా డెల్టాలలో కాలువ గట్టున మనుషులు తాడు పట్టి పడవలు లాగడం చూసినవారికీ, పెద్దల నోట విన్నవారికీ ఈ కాలువ పని తీరు వివరించనక్కరలేదు. ఇక్కడ తాడు లాగినవి కంచరగాడిదలు. వాటి వెంట నడిచినవారిలో పడవవాడి పిల్లలు కూడా ఉండేవారు. కంబర్లాండ్‌కూ సముద్రమట్టానికీ మధ్య ఉన్న 605 అడుగుల తేడాను 74 లాకులతో దింపారు. అంటే లాకుల దగ్గర తప్ప గట్టు దాదాపు సమతలం. గాడిదకు శ్రమ తగ్గించడానికి చేసిన ఆ ఏర్పాటే ఇవాళ సైకిలు తొక్కేవాడి మోకాళ్ళను కాపాడుతున్నది.

1889 వరదలో కాలువ కంపెనీ దివాలా తీసి, ప్రత్యర్థి అయిన రైల్వే చేతిలోకి పోయింది. 1924 వరదల తరువాత పడవలు మళ్ళీ తిరగలేదు. 1938లో ఫెడరల్ ప్రభుత్వం 20 లక్షల డాలర్లకు దాన్ని కొన్నది. ఆర్థిక మాంద్యపు రోజులలో ఏర్పడిన ఉపాధి పథకం కింద, నల్లజాతి యువకుల రెండు శిబిరాలు దిగువ 22 మైళ్ళను బాగు చేశాయి.

ప్రభుత్వం చేతిలో ఉన్నంత మాత్రాన ప్రమాదం తొలగలేదు. కాలువ వెంబడి విహారానికి మోటారు రోడ్డు వెయ్యాలన్న ప్రతిపాదన వచ్చింది. 1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ దానిని సమర్థిస్తూ సంపాదకీయం రాసింది. సుప్రీం కోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్ ఆ పత్రికకే లేఖ రాసి, సంపాదకుణ్ణి తనతోపాటు కంబర్లాండ్ నుంచి కాలువ గట్టున నడిచి చూడమని పిలిచాడు. మార్చి 20న బయలుదేరిన గుంపులో పత్రికవారూ ఉన్నారు. ఎనిమిది రోజుల తరువాత మొత్తం దూరం నడిచి పూర్తి చేసినవారు డగ్లస్‌తో కలిపి తొమ్మిది మంది. పత్రిక తన అభిప్రాయాన్ని చాలావరకు మార్చుకున్నది. అయినా చట్టం రావడానికి మరో పదిహేడేళ్ళు పట్టింది. 1971 జనవరిలో కాలువ జాతీయ చారిత్రక ఉద్యానమైంది.

రైలు ఆగితే నేల ఎవరిది?

కాలువకు యజమాని ఒక్కరే కావడం దాని అదృష్టం. రైలు కట్టల సంగతి అలా కాదు. 1916 నాటికి అమెరికాలో రైలు మార్గాలు సుమారు 2,54,000 మైళ్ళు. లారీలూ, కార్లూ పెరిగాక అందులో చాలా భాగం దండగ ఖర్చయింది. రైల్వే కంపెనీలు కొంత నేలను సొంతంగా కొన్నా, అనేకచోట్ల వాటికి దక్కినది రైలు నడుపుకునే దారి హక్కు మాత్రమే. రైలు నిలిచిపోతే ఆ హక్కు రద్దయి, నేల పక్క పొలాల యజమానులకు తిరిగి పోతుంది. యాభై మైళ్ళ కట్టలో ఒక్క మైలు కంచె పడినా, ఒక్క వంతెన పాత ఇనుముకు అమ్ముడైనా, మిగిలిన నలభై తొమ్మిది మైళ్ళకూ దారిగా విలువ ఉండదు.

విస్కాన్సిన్ రాష్ట్రం 1965లో ఎల్రాయ్, స్పార్టా పట్టణాల మధ్య మూడు సొరంగాలున్న 32 మైళ్ళ కట్టను కొని సైకిలు దారిగా మార్చింది. అది కొనగలిగిన రాష్ట్రం కథ. తక్కిన చోట్ల పరిష్కారం 1983లో జాతీయ కాలిబాటల చట్టానికి చేసిన సవరణతో వచ్చింది. మూతబడే రైలు మార్గాన్ని ఒక సంస్థ గాని, స్థానిక ప్రభుత్వం గాని బాధ్యత వహించి బాటగా వాడుకుంటే, ఆ మార్గం రద్దయినట్టు లెక్క కాదు. అవసరమైతే రేపు రైలు తిరిగి రావచ్చు. ఈలోగా మనుషులు నడవవచ్చు, సైకిలు తొక్కవచ్చు.

పక్క పొలం రైతు వైపు నుంచి చూస్తే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. అతని తాత దారి ఇచ్చినది రైలుకు. రైలు పోయాక నేల తనకు వస్తుందని ఎదురుచూస్తున్నవాడికి, పెరటి వెనక అపరిచితులు తిరుగుతుంటే కోపం రావడంలో తప్పు లేదు. 1990లో వెర్మాంట్ నుంచి వచ్చిన కేసులో సుప్రీం కోర్టు చట్టం చెల్లుతుందని ఏకగ్రీవంగా తేల్చింది. అయితే నష్టపోయిన యజమాని ప్రభుత్వం నుంచి పరిహారం కోరే మార్గాన్ని తెరిచే ఉంచింది. 2014లో వయోమింగ్ కేసులో, 1875 నాటి చట్టం కింద ఇచ్చిన దారి హక్కు రైలు మార్గం రద్దు కావడంతోనే ముగిసిందని ఎనిమిది మంది న్యాయమూర్తులు, ఒక్కరి అసమ్మతితో, యజమాని పక్షాన తీర్పు చెప్పారు. కాబట్టి వివాదం ముగిసిపోలేదు. ప్రజలకు దారి కావాలంటే దాని ఖర్చు ఒక్క రైతు మీద పడకూడదన్నది దీని సారాంశం.

ముక్కలు కలిపిన కాలం

పిట్స్‌బర్గ్ వైపు దారిలో పెద్ద భాగం వెస్టర్న్ మేరీలాండ్ రైల్వేది. బాల్టిమోర్ అండ్ ఒహాయోకు పోటీగా, చాలాచోట్ల నదికి ఆవలి ఒడ్డున, 1912లో ఈ మార్గం పూర్తయింది. 1973లో రెండు రైల్వేలూ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. రెండు మార్గాలు అనవసరమయ్యాయి. 1975లో దీన్ని వదిలేశారు. అప్పటికి 1983 నాటి రక్షణ లేదు. అందువల్ల పరిరక్షణ సంఘాలూ, స్థానికులూ ముక్క ముక్కగా సమకూర్చుకోవలసి వచ్చింది. ఒహాయోపైల్ దగ్గర తొలి తొమ్మిదిన్నర మైళ్ళు 1986లో తెరుచుకున్నాయి. 3,294 అడుగుల బిగ్ శావేజ్ సొరంగాన్ని బాగుచేయవలసి వచ్చింది. దాన్ని ఇప్పటికీ చలికాలంలో తలుపులు వేసి మూసివేస్తారు. పిట్స్‌బర్గ్ దాకా దారి పూర్తయినది 2013లో.

అదే 1986లో, ఈ దారి పక్కనే ఉన్న హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారం మూతబడింది. ఈ నిశ్శబ్దానికి ఒక మూల్యం ఉందని మరువరాదు. ఈ నది వెంట బొగ్గు, కోక్, ఉక్కు బరువుతో రైళ్ళు నడిచిన రోజులలో ఊళ్ళకు జీతాలుండేవి. ఇవాళ అక్కడ సైకిలువారికి గది ఇచ్చి, భోజనం పెట్టి బతికే కుటుంబాలున్నాయి గాని, పోయిన కర్మాగారాలకు అది సాటి రాదు.

దారి ఎత్తుల లెక్క కూడా రైలు విడిచి వెళ్ళినదే. ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రం ఏటవాలు ఎక్కలేదు. అందుకని ఇంజనీర్లు కొండలు తొలిచి, లోయలు పూడ్చి, వంతెనలు కట్టి నేలను దారికి తెచ్చారు. కంబర్లాండ్ నుంచి సుమారు 24 మైళ్ళలో 2,392 అడుగుల ఎత్తున ఉన్న తూర్పు జలవిభాజకాన్ని చేరవచ్చు. అక్కడినుంచి పిట్స్‌బర్గ్ దాకా దాదాపు అంతా పల్లమే.

ఈ ఎక్కుడునే 1828 నాటి కాలువ దాటలేకపోయింది. పొటోమాక్ తీరం నుంచి ఒహాయో నది దాకా నీటి దారి ఎన్నడూ పూర్తి కాలేదు. ఆ రెండు తీరాలనూ కలిపే దారి 185 ఏళ్ళ తరువాత పూర్తయింది, సరుకుల కోసం కాదు, సైకిళ్ళ కోసం. ఆ దారిలో ఓడిన కాలువ సగానికి మించి ఉన్నది. దాన్ని ఓడించిన రైలు నేటికీ నది అవతలి గట్టున బరువులు లాగుతూ పోతున్నది. రాత్రి గుడారంలో పడుకున్న సైకిలు యాత్రికుడికి దాని కూత వినిపిస్తుంది.