ఉగ్గుగిన్నె పక్కన గుమ్మడి గుజ్జు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నిట్, పాయింట్ కుక్ వైపు పసిబిడ్డ ఉన్న తెలుగింటికి వెళ్లి ఫ్రీజర్ తలుపు తీసి చూడండి. ఐసు గడ్డకట్టించుకునే ట్రేలో పసుపు, ఆకుపచ్చ, నారింజ రంగుల ముక్కలు కనిపిస్తాయి. తీపి గుమ్మడి, బఠాణీ, చిలగడదుంప. ఆదివారం తీరిక చేసుకుని తల్లి వాటిని ఆవిరి మీద ఉడికించి, మెత్తగా రుబ్బి, గడ్డకట్టించి పెట్టుకుంటుంది. పూటకు ఒకటో రెండో ముక్కలు తీసి వెచ్చబెడితే చాలు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో మనవరాలిని చూడ్డానికి వచ్చిన అమ్మమ్మకు మాత్రం ఇది మింగుడుపడదు. "అన్నం ముట్టని బిడ్డకు ఉత్త గుమ్మడికాయ పెడతారటే?" అంటుంది.

కూతురు ఇది ఆస్ట్రేలియా పద్ధతి అని సర్దిచెబుతుంది. కానీ ఆ పద్ధతికి ఆస్ట్రేలియాలోనే గట్టిగా వందేళ్లు లేవు. అంతకుముందు ఇదే గుమ్మడి గుజ్జును ఆరునెలల బిడ్డకు పెడితే అక్కడి వైద్యులే కోప్పడేవారు. ఆనాటి వైద్యగ్రంథాలు చాలావరకు ఏడాది నిండేదాకా, కొన్నయితే రెండేళ్లు దాటేదాకా పిల్లలకు కూరగాయ వద్దనేవి. కూరగాయ విరేచనాలు తెస్తుందని భయం.

ఆ భయానికి కారణం లేకపోలేదు. 1901లో ఆస్ట్రేలియాలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో సుమారు వందమంది మొదటి పుట్టినరోజు చూడలేదు. వేసవి వస్తే అతిసారం పసికందులను ఊడ్చుకుపోయేది. ఫ్రిజ్ లేని రోజులు, ఈగలు వాలిన పాలు, శుభ్రంకాని సీసాలు. సిడ్నీ నగర ఆరోగ్యాధికారి డబ్ల్యూ.జి. ఆర్మ్‌స్ట్రాంగ్ 1904లో శిక్షణ పొందిన ఒక మహిళను బాలింతల ఇళ్లకు పంపి, చనుపాలే పట్టమని చెప్పించడం మొదలుపెట్టాడు. 1909లో అడిలైడ్‌లో డాక్టర్ హెలెన్ మేయో తదితరులు తల్లుల పాఠశాల తెరిచారు. 1917లో మెల్‌బోర్న్‌లోని రిచ్‌మండ్‌లో విక్టోరియా రాష్ట్రపు తొలి శిశు ఆరోగ్య కేంద్రం వెలిసింది. మరుసటి ఏడు సిడ్నీలో తల్లీబిడ్డల సంక్షేమ సంఘం పుట్టింది. ట్రెసిలియన్ పేరుతో అది నేటికీ పనిచేస్తోంది.

ఈ కథలో నాకు మరీ ఇష్టమైన ఘట్టం రైలుది. 1924 నుంచి 1935 వరకు విక్టోరియా పల్లెల్లో వ్యవసాయ పాఠాలు చెప్పే రైలొకటి తిరిగింది. పశువులు, ఎరువులు, గోధుమ రకాలతో నిండిన ఆ రైల్లో ఆడవాళ్లకూ పాఠాలుండేవి. రిచ్‌మండ్ కేంద్రంలో పనిచేసిన నర్సు మ్యూరియల్ పెక్ అందులో ఊరూరా వెళ్లి బిడ్డల పెంపకం చెప్పింది. పొరుగు మనిషి కూడా మైళ్ల దూరంలో ఉండే రైతు భార్యకు ఆ స్టేషన్‌లో ఆగిన పెట్టె ఎంత పెద్ద ఆసరానో ఊహించుకోవచ్చు. మనకు అమ్మలక్కలు చేసిన పని అక్కడ రైలు చేసింది.

ఆ పాఠాల వెనక ఒక గడియారమూ ఉంది. న్యూజిలాండ్ వైద్యుడు ట్రూబీ కింగ్ 1907లో డునెడిన్‌లో మొదలుపెట్టిన ఉద్యమం సముద్రం దాటి వచ్చింది. నాలుగు గంటలకోసారే పాలు, రాత్రిపూట అసలే వద్దు, ఏడ్చినా ఎత్తుకోవద్దు. పోతపాలలో ఏది ఎంత కలపాలన్న దగ్గర సిడ్నీ వైద్యురాలు మార్గరెట్ హార్పర్ ఆయన పద్ధతిని ఒప్పుకోలేదు. విక్టోరియాలో 1926 నుంచి శిశు సంక్షేమ శాఖను నడిపిన డాక్టర్ వీరా స్కాంట్ల్‌బరీ బ్రౌన్ తల్లులకు, నర్సులకు శిశు ఆహారంపై మార్గదర్శిని రాసింది. ఈ పెద్దల మధ్య బిడ్డ ఆకలి కన్నా గంట కొట్టడమే ముఖ్యమైన ఇళ్లు ఎన్నో ఉండి ఉంటాయి.

కూరగాయకు తలుపు తెరిచింది విటమిన్. 1912లో ఆ మాట పుట్టింది. 1920లకల్లా స్కర్వీ, రికెట్స్ ఎందుకు వస్తున్నాయో వైద్యులకు తెలిసింది. అంతవరకు అనుమానించిన పాలకూర, క్యారెట్, బఠాణీ మందుగా మారాయి. అయితే పీచు తగలకూడదు. ఉడికించి, సన్నని జల్లెడలో వేసి, చెంచా వెనకవైపుతో అదమాలి. గుప్పెడు గుజ్జుకు అరగంట చాకిరీ. అమెరికాలోని మిషిగన్‌లో డొరొతీ గెర్బర్ 1927లో కూతురి కోసం అలా బఠాణీలు వడకడుతూ విసిగి, ఈ పని మీ ఫ్యాక్టరీలో చేయొచ్చుగా అని భర్తను అడిగిందంటారు. మరుసటి ఏడు గెర్బర్ డబ్బాలు అంగళ్లకెక్కాయి. ఆస్ట్రేలియాలో హైంజ్ కంపెనీ 1935లో ఫ్యాక్టరీ పెట్టింది. ఎక్కడనుకున్నారు? అదే రిచ్‌మండ్‌లో. కాలక్రమంలో ఆ కంపెనీ శిశు ఆహారం డబ్బాలు అక్కడి ఇళ్లలో మామూలైపోయాయి. డబ్బా కొనని తల్లులకు చేత్తో తిప్పే మౌలి అనే జల్లెడమర దొరికింది.

పని తేలికైన కొద్దీ తొందర పెరిగింది. 1950ల నాటికి పశ్చిమ దేశాల్లో రెండు మూడు నెలల పసికందుకే గుజ్జు తినిపించడం గొప్పయింది. చనుపాలు వెనక్కిపోయాయి. అప్పుడు 1964 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో మేరీ పేటన్, మరో ఐదుగురు తల్లులు కలిసి పాలిచ్చే తల్లుల సంఘం పెట్టారు. వైద్యులు గడియారం ఇస్తే, కంపెనీలు డబ్బా ఇస్తే, ఈ ఆరుగురూ పక్కింటి తల్లి అనుభవాన్ని ఇచ్చారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరునెలల వరకు చనుపాలే అని తేల్చింది. 2012లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలూ ఘనాహారం ఆరునెలల ప్రాంతంలోనే అన్నాయి.

మగపిల్లాడికి ఆరో నెల, ఆడపిల్లకు ఐదో నెలో ఏడో నెలో అన్నప్రాశన చేసే మనకు ఇది వింతగా తోచదు. వైద్యం రెండేళ్ల నుంచి రెండు నెలలకు దిగి, మళ్లీ మన ముహూర్తం దగ్గరికే వచ్చి ఆగింది.

అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పాలి. ఆమె అనుమానంలో నిజముంది. ఆరునెలలు నిండేసరికి బిడ్డ పుట్టుకతో తెచ్చుకున్న ఇనుము నిల్వలు తరిగిపోతాయి. ఏడో నెల నుంచి ఏడాది దాకా రోజుకు 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలని ఆస్ట్రేలియా లెక్క. బిడ్డ తినే నాలుగైదు చెంచాల గుమ్మడి గుజ్జులో అందులో పదోవంతు కూడా ఉండదు. అందుకే అక్కడి మార్గదర్శకాలు మొదటి ముద్దల్లో ఇనుమున్న ఆహారం తప్పనిసరి అంటాయి. ఇనుము కలిపిన తృణధాన్యపు పొడి, మెత్తగా ఉడికిన మాంసం, పప్పులు. ఆ తర్వాత కూరగాయలు ఏ వరసలో పెట్టినా ఫరవాలేదు. గుమ్మడిలో మెత్తని పెసరపప్పు కలిపి, చివర్లో కాస్త టమాటా గుజ్జు వేస్తే పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఉప్పు, పంచదార ఏదీ వద్దు.

ఇంకో మాట. గుజ్జు దగ్గరే ఆగిపోకూడదు. చాలామంది తల్లులు పొలమారుతుందన్న భయంతో తొమ్మిది, పది నెలల దాకా నున్నటి గుజ్జే పెడుతుంటారు. కొద్ది వారాల్లోనే చెంచాతో అదిమిన ముద్దకు, ఎనిమిదో నెలకల్లా బిడ్డ తనే పట్టుకు తినే మెత్తటి ముక్కలకు మారాలి. ఏడాదికి ఇంట్లోవాళ్ల కంచమే బిడ్డ కంచం. పచ్చి క్యారెట్, గట్టి ఆపిల్ ముక్కలు, పలుకులుగా ఉన్న వేరుశనగ, జీడిపప్పు మాత్రం గొంతుకు అడ్డంపడతాయి.

వేరుశనగ పొడినో వెన్ననో అయితే ఏడాదిలోపే రుచి చూపించమంటున్నారు. మెల్‌బోర్న్‌లో ఐదువేలమందికి పైగా ఏడాది పిల్లలను పరీక్షించిన హెల్త్‌నట్స్ అధ్యయనంలో పదిమందిలో ఒకరికి పైగా ఏదో ఒక ఆహారం పడదని తేలింది. ఆలస్యం చేస్తే ఎలర్జీ తప్పుతుందన్న పాత నమ్మకం 2015లో లండన్ పరిశోధనతో కూలిపోయింది. 2016లో ఆస్ట్రేలియా ఎలర్జీ వైద్యుల సంఘం గుడ్డు, వేరుశనగ ఏడాదిలోపే పెట్టమంది. ఇప్పటికే ఒంటిమీద తీవ్రమైన ఎగ్జిమా ఉన్న బిడ్డకైతే డాక్టరును అడిగే పెట్టాలి.

ఇంట్లో చేసిన గుజ్జుకు నేను ఓటు వేయడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఏడాది దాటిన పిల్లల కోసం హైంజ్ అమ్మిన ఒక చిరుతిండి డబ్బా మీద పండ్లు, కూరగాయల బొమ్మలుండేవి. లోపల మూడింట రెండొంతుల దాకా చక్కెర. వినియోగదారుల కమిషన్ కోర్టుకెక్కితే 2018లో ఫెడరల్ కోర్టు 22.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మనం ఉడికించిన గుమ్మడిలో గుమ్మడే ఉంటుంది.

ఇక మన ఉగ్గు. వేయించిన బియ్యం, పెసరపప్పు, కందిపప్పు, కాస్త వాము, జీలకర్ర కలిపి విసిరిన పొడి. గుమ్మడి గుజ్జులో లేనిది ఇందులో ఉంది, ఇందులో లేనిది గుజ్జులో ఉంది. రెండూ ఒకే గిన్నెలో కలపవచ్చు. ఊరి నుంచి పొడి తెచ్చే అమ్మమ్మ ఆస్ట్రేలియా విమానాశ్రయంలో ఆహారం ఉందని కార్డు మీద తప్పక రాయాలి. దాచితే జరిమానా. అంతకన్నా సిడ్నీలోని హారిస్ పార్క్‌లోనో మెల్‌బోర్న్ టార్నిట్‌లోనో పప్పులు కొని అక్కడే వేయించడం నయం. ఒక్క విషయంలో మాత్రం అమ్మమ్మ మాట వినొద్దు. నాలుకకు తేనె రాయడం. ఏడాదిలోపు బిడ్డకు తేనెతో బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. అన్నప్రాశన రోజయినా సరే, వద్దు.

విక్టోరియాలో ప్రతి బిడ్డకూ ఆరోగ్య వివరాలు రాసుకునే ఆకుపచ్చ పుస్తకం, న్యూసౌత్‌వేల్స్‌లో నీలి పుస్తకం ఇస్తారు. విక్టోరియాలో తల్లీబిడ్డల ఆరోగ్య నర్సు దగ్గరికి వెళ్లడానికి పైసా ఖర్చు లేదు. నాలుగో నెలలో వెళ్లినప్పుడే ఘనాహారం మాట వస్తుంది. ఆ రోజు అమ్మమ్మనో నానమ్మనో కూడా వెంటబెట్టుకు వెళ్లండి. ఉగ్గు గురించి ఆమెనే అడగనివ్వండి.