ఉత్తర్వు లేని నిషేధం: సామాజిక మాధ్యమాల్లో కళాకృతుల తొలగింపు

గుస్తావ్ కూర్బే 1866లో వేసిన ‘జగత్తుకు మూలం’ చిత్రం ప్యారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. స్త్రీ జననాంగాన్ని ఏ చాటూ లేకుండా చూపించే ఆ చిత్రాన్ని టికెట్టు కొన్నవాళ్లెవరైనా చూడవచ్చు. 2011లో ఒక ఫ్రెంచి ఉపాధ్యాయుడు దాని ఫొటోను ఫేస్‌బుక్‌లో పెడితే ఆయన ఖాతా మూతపడింది. ఆయన కోర్టుకెక్కాడు. వివాదాన్ని కాలిఫోర్నియాలోనే తేల్చుకోవాలని సంస్థ పట్టుబట్టినా ఫ్రెంచి న్యాయస్థానాలు ఒప్పుకోలేదు. ముందుగా తెలపకుండా ఖాతా మూయడం తప్పేనని 2018 మార్చిలో తీర్పు వచ్చింది. పరిహారం మాత్రం దక్కలేదు. బొమ్మ అశ్లీలమా కాదా అన్న చర్చ కన్నా ఈ తీర్పు పట్టుకున్న అంశమే నాకు ముఖ్యంగా తోస్తుంది. కళాకారుడికి జరిగే అసలు అన్యాయం, తన పనిని ఎవరు, ఏ భాగం చూసి, ఏ కారణంతో తప్పుపట్టారో తెలియకపోవడంలో ఉంది.

రాతలో నియమం ఉదారంగానే కనిపిస్తుంది. నగ్నత్వం చిత్రలేఖనంలో, శిల్పంలో ఉంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అనుమతిస్తాయి. అమలు వేరు. సుమారు 30,000 ఏళ్ల నాటి విల్లెన్‌డార్ఫ్ వీనస్ శిల్పం ఫొటోనే ఫేస్‌బుక్ తొలగించింది. వియన్నాలోని మ్యూజియం నిరసన తెలిపాక 2018లో పొరపాటని క్షమాపణ చెప్పింది. అదే కన్ను అలంపురం మ్యూజియంలోని లజ్జాగౌరి నగ్నశిల్పం మీద పడితే ఏమవుతుంది? సంతానం కోరి స్త్రీలు కొలిచిన ఆ మూర్తిని రాయిగా, పూజగా, చరిత్రగా గుర్తుపట్టాలంటే దాని చుట్టూ ఉన్న సందర్భం తెలియాలి. రోజూ వచ్చిపడే కోట్ల బొమ్మలను జల్లెడ పట్టే యంత్రం వెతికేది శరీర భాగాలను.

మ్యూజియాలు మాట్లాడగలవు. 2021లో వియన్నా పర్యాటక సంస్థ నగరంలోని నగ్నచిత్రాలను చూపడానికి పెద్దల వేదికగా పేరుపడ్డ ఓన్లీఫ్యాన్స్‌లో ఖాతా తెరిస్తే ప్రపంచమంతా వార్త అయింది. జీవించి ఉన్న ఫొటోగ్రాఫర్‌కు ఆ బలం లేదు. పైగా ఉదార నియమం అతనికి వర్తించదు, ఎందుకంటే కెమెరాతో తీసిన నగ్నత్వానికి ఆ మినహాయింపు లేదు. ఫొటోగ్రఫీ కళ అవునా కాదా అన్న పందొమ్మిదో శతాబ్దపు తగవును, కళాచరిత్ర ఎప్పుడో తేల్చేసినదాన్ని, ఒక సంస్థ నిబంధన మళ్లీ బతికించింది.

మన న్యాయస్థానాలు ఇంతకన్నా ఓపికగా చూశాయి. ‘భారతమాత’గా పేరుపడ్డ నగ్నచిత్రంపై ఎం.ఎఫ్. హుస్సేన్ మీద పెట్టిన కేసులను ఢిల్లీ హైకోర్టు 2008 మే 8న కొట్టేసినప్పుడు, కృతిని మొత్తంగా, చిత్రకారుడి దృష్టితో కూడా చూడాలన్నది. 2014లో అశ్లీలతపై వచ్చిన అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు సందర్భానికీ సమకాలీన సమాజ ప్రమాణాలకీ పెద్దపీట వేసింది. ఆ తీర్పులతో ఎవరైనా విభేదించవచ్చు. విభేదించడానికి అక్కడ రాతపూర్వక కారణాలు ఉన్నాయి.

ప్రభుత్వం తొలగించమన్నప్పుడు ఆ కారణాలు కూడా చీకట్లోకి పోతాయి. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద తెచ్చిన 2009 నిబంధనల్లో 16వది ఫిర్యాదులనూ వాటిపై చర్యలనూ గోప్యంగా ఉంచమంటుంది. 2021 జూన్‌లో కార్టూనిస్టు మంజుల్‌కు ట్విటర్ నుంచి ఒక లేఖ అందింది. ఆయన ఖాతాలోని విషయంపై భారత అధికారుల నుంచి అభ్యర్థన వచ్చిందన్నది దాని సారాంశం. ఏ కార్టూనో తెలియకపోతే కార్టూనిస్టు దేన్ని సమర్థించుకోవాలి?

అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైనది ‘రీచ్’ తగ్గించడం. నియమాలను ఉల్లంఘించకపోయినా అనుచితమనిపించిన పోస్టులను సిఫార్సుల్లో చూపడం తగ్గిస్తామని ఇన్‌స్టాగ్రామ్ 2019 ఏప్రిల్‌లో ప్రకటించింది. బొమ్మ గోడ మీదే ఉంటుంది, చూసేవాళ్లు రారు. తన పని నచ్చలేదా, తొక్కిపెట్టారా అన్నది చిత్రకారిణికి అంతుపట్టదు. కొన్నాళ్లకు ఆమె ‘ఇది పెడితే ఖాతా పోతుందేమో’ అనుకుని రంగు మార్చడం, భంగిమ మార్చడం మొదలుపెడుతుంది. గీయకముందే ఆగిపోయిన ఆ బొమ్మలు ఏ లెక్కలోకీ రావు. ఈ నష్టం నన్ను తీవ్రంగా కలవరపెడుతుంది.

ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టం 17వ అధికరణం ఇలా కనబడకుండా చేయడానికి కూడా కారణం చెప్పి తీరాలంటుంది. ఆ కారణాలను నమోదు చేసే బహిరంగ డేటాబేస్ 2023లో మొదలైంది. మన 2021 ఐటీ నిబంధనల్లోని 4(8), 50 లక్షలకు పైగా నమోదిత వినియోగదారులున్న వేదికలు తమంతట తాము తొలగించేముందు కారణాలు తెలిపి, ఆ చర్యను సవాలు చేసే అవకాశం ఇవ్వాలని చెబుతుంది. రీచ్ తగ్గించడం దాని పరిధిలో లేదు. ఆ నిబంధనలో ఆ మాట చేర్చాలి; ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని మెటా నెలనెలా వెలువరించే నివేదికల్లో ‘నగ్నత్వం’ అనే ఒకే పద్దులో కలిసిపోతున్న కళాకృతులకు, అప్పీలులో తిరిగి వచ్చినవాటికి వేరే పద్దులు పెట్టించాలి.