రంగం ప్రయాణం: మేస్త్రీ అప్పు నుంచి పర్మిట్ కాగితం దాకా

విశాఖపట్నం తీరం నుంచి బంగాళాఖాతం దాటి బర్మాకు పనికి వెళ్లడానికి 1941 వరకూ పాస్‌పోర్టు గానీ, వీసా గానీ అవసరం లేదు. 1826, 1852, 1885 సంవత్సరాల్లో ముగిసిన మూడు యుద్ధాలతో బర్మా విడతలు విడతలుగా ఆంగ్లేయుల వశమై, చివరకు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రంగా కలిసిపోయింది. దాంతో ఉత్తరాంధ్ర కూలీ రంగూన్ వెళ్లడం, చట్టం దృష్టిలో, ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు వెళ్లడంతో సమానమైంది. తెలుగు పల్లెల్లో రంగూన్ నగరానికి 'రంగం' అన్న పేరే వాడుకలో ఉండేది. రంగం వెళ్లడమంటే నాలుగు రాళ్లు వెనకేసుకుని పొలమో, ఇల్లో విడిపించుకోవడానికి సముద్రం దాటడమని ఊరందరికీ తెలుసు. ఈ స్వేచ్ఛా ప్రయాణం అనుమతి పత్రాల ప్రయాణంగా ఎలా మారిందన్నది ఆధునికాంధ్ర చరిత్రలో తగినంత శ్రద్ధకు నోచుకోని ఘట్టం.

1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక దిగువ బర్మా బియ్యానికి విదేశీ గిరాకీ బాగా పెరిగింది. ఇరావతి డెల్టాలో అడవులు నరికి వరి వేసిన బర్మా రైతు సొంత పొలం మీదే పని చేసుకుంటూ ఉండగా, రంగూన్, బస్సీన్, అక్యాబ్, మౌల్మీన్ రేవుల్లో వెలసిన బియ్యం మిల్లులకూ, ఓడల్లోకి బస్తాలు మోసే పనికీ కూలీలు చాలలేదు. ఆ లోటును తీర్చినవారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారిది పెద్ద వాటా. జమీందారీల కింద నలిగిన చిన్న కౌలుదార్లకూ, భూమి లేని పాలేర్లకూ కోతలు అయ్యాక ఊళ్లో పని దొరకని నెలల్లోనే అక్కడి మిల్లులకు పని ముమ్మరమయ్యే కాలం రావడం ఈ వలసకు బాగా కలిసివచ్చింది. కాకినాడ సమీపంలోని పాత రేవు కోరంగి పేరు మీదుగా బర్మాలో తెలుగు కూలీలందరినీ 'కొరంగీలు' అని పిలిచేవారు. తుపానుల దెబ్బకు కోరంగి రేవు తన ప్రాభవం కోల్పోయిన చాలా కాలానికి కూడా ఆ పేరు మాత్రం విశాఖ కూలీకీ, బరంపురం కూలీకీ అంటుకునే ఉంది.

ప్రయాణం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడల్లో సాగేది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల్లో ఓడ ఒడ్డుకు చేరే వీలులేక దూరంగా లంగరు వేసుకుని నిలబడేది. ఇనుప మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టి కట్టిన మసూలా పడవల్లో కూలీలు కెరటాలు దాటి ఓడను చేరుకునేవారు. గట్టి కట్టుబడి పడవయితే అలల పోటుకు పగిలిపోతుంది గనుక, వంగే గుణం ఉన్న ఈ కుట్టు పడవనే తీరమంతటా వాడారు. ఓడ ఎక్కాక వారికి గది ఉండేది కాదు. మూట తలకింద పెట్టుకుని డెక్కు మీదే పడుకోవాలి, ఎండకూ వానకూ అక్కడే ఓర్చుకోవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే నిర్మించిన విశాఖ లోపలి నౌకాశ్రయంలోకి 1933 అక్టోబరు 7న తొలిసారిగా ప్రవేశించిన ఓడ సింధియా కంపెనీ వారి 'జలదుర్గ'. అది ప్రయాణికుల ఓడ. నేడు బొగ్గు, ఇనుప ఖనిజం, ఉక్కు ఎగుమతి దిగుమతుల లెక్కల్లో కనిపించే ఈ రేవు చరిత్ర మనుషుల రవాణాతో ఎంతగా పెనవేసుకుని ఉందో చెప్పడానికి ఈ ఒక్క వివరం చాలు.

అయితే పాస్‌పోర్టు అక్కరలేదన్నంత మాత్రాన కూలీ స్వేచ్ఛగా వెళ్లాడనుకోవడం పొరపాటు. ప్రభుత్వ కాగితం లేని చోట మేస్త్రీ కాగితం ఉండేది. మేస్త్రీ అంటే కూలీలను పోగుచేసి, ఓడ టిక్కెట్టు కొనిపెట్టి, ఇంటి ఖర్చుకు కొంత బయానా ఇచ్చి, రంగూన్‌లో మిల్లు యజమానికో, ఓడ సరుకు గుత్తేదారుకో అప్పగించే మధ్యవర్తి. చాలాసార్లు అతనూ అదే ఊరివాడూ, అదే కులంవాడూ, ఒకప్పుడు తానూ కూలీగా వెళ్లి వచ్చినవాడూ కావడం వల్ల అతని మాట మీద నమ్మకం తేలికగా కుదిరేది. ఇచ్చిన బయానాకు నోటు రాయించుకునేవాడు. జీతం కూలీ చేతికి నేరుగా వచ్చేది కాదు. యజమాని మేస్త్రీకి ఇస్తే, పెద్ద మేస్త్రీ, అతని కింది మేస్త్రీ తమ తమ భాగాలు తీసుకున్నాక, టిక్కెట్టు బాకీ, బయానా బాకీ, తిండి ఖర్చు మినహాయించగా మిగిలింది కూలీకి దక్కేది. అప్పు తీరేదాకా మేస్త్రీని విడిచి వేరే చోట పని చూసుకోవడం సాధ్యం కాదు. ఇరుకు గదుల్లో వంతులవారీగా నిద్రపోయే ఆ జీవితం మీద 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ లేబర్ కమిషన్ కూడా దృష్టి సారించింది.

చట్టం మాత్రం ఈ కూలీని చూడలేదు. 1922 నాటి భారత వలస చట్టం సింహళానికీ మలయాకూ వెళ్లే కూలీలకు కొంత రక్షణ కల్పించింది గానీ, బర్మా అప్పటికి ఇండియాలో భాగమే కావడంతో అక్కడికి వెళ్లేవారు దాని పరిధిలోకి రాలేదు. పరాయి దేశం వెళ్లేవాడికి దక్కిన పాటి రక్షణ, స్వదేశంగా లెక్కకట్టిన చోటికి వెళ్లినవాడికి దక్కలేదు. ఆ లోటుకు మూల్యం 1930 మేలో బయటపడింది. రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టగా, ఓడల కంపెనీల కోసం బర్మా కూలీలను పనిలో పెట్టారు. సమ్మె పరిష్కారమై పాతవారిని తిరిగి తీసుకున్నప్పుడు బర్మావారు పని పోగొట్టుకున్నారు. ఆ ఘర్షణ నగరమంతా పాకి పెద్ద సంఖ్యలో తెలుగు కూలీలు హతులయ్యారు. రెండు పేద వర్గాలను ఒకే పని కోసం పోటీకి నిలబెట్టిన పద్ధతి గురించి మాట్లాడకుండా, దాన్ని కేవలం జాతి వైరంగా చెప్పడం చరిత్రకు న్యాయం కాదు.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు 10 లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి వారే. 1937 ఏప్రిల్ 1న బర్మా ఇండియా నుంచి విడిపోయి వేరే పరిపాలన కిందికి వెళ్లడంతో, ఆ రోజు నుంచీ రంగం పొరుగు దేశమయింది. 1938 జులైలో మళ్లీ అల్లర్లు చెలరేగిన తరువాత, వలసల మీద విచారణ జరపమని జేమ్స్ బాక్స్టర్‌ను నియమించారు. భారతీయ కూలీలు బర్మా కూలీల పని లాక్కున్నారనడానికి తగిన ఆధారం ఆయనకు కనిపించలేదు. ఆ సంగతి నివేదికలో ఉన్నా, దాని వెనుకే 1941 జూన్‌లో కుదిరిన ఇండియా-బర్మా వలస ఒప్పందం రాకపోకల మీద గట్టి ఆంక్షలు పెట్టింది. వీసా ఉన్న పాస్‌పోర్టు గానీ, ముందుగా పొందిన ప్రవేశ పర్మిట్ గానీ లేనివారు అక్టోబరు 1 నుంచి బర్మాలో అడుగుపెట్టకూడదన్నది ప్రధాన నిబంధన. పర్మిట్లు రెండు రకాలు. గడువు లేకుండా ఉండి పని చేసుకోనిచ్చేది 'ఏ' పర్మిట్. నిర్ణీత కాలానికే పని చేయనిచ్చి, స్థిర నివాస హక్కు కోరనివ్వనిది 'బీ' పర్మిట్. నైపుణ్యం లేని కూలీల ప్రవేశాన్ని జులైలోనే నిలిపివేశారు. అప్పటికే బర్మాలో ఉన్నవారు తమ హక్కులు నిలుపుకోవాలంటే ఏళ్ల తరబడి అక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి. ఏటా పంటకాలానికి ఊరొచ్చి తిరిగి ఓడ ఎక్కే కూలీకి, మేస్త్రీ లెక్కల్లో తప్ప ఎక్కడా పేరు లేనివాడికి, అటువంటి రుజువు ఎక్కడ దొరుకుతుంది? ఆ ఏడాది ఆగస్టులో గాంధీజీ ఈ ఒప్పందాన్ని బహిరంగంగానే ఖండించారు. ఈ తీరానికి 'పని వీసా' అన్న ఊహ ఇలా వచ్చింది. అది కూలీని మేస్త్రీ నుంచి కాపాడటానికి వచ్చినది కాదు, అతని రాకను అదుపులో పెట్టడానికి వచ్చినది.

ఈ పద్ధతి పూర్తిగా అమలు కాకముందే యుద్ధం ముంచుకొచ్చింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడగానే రేవు కూలీలు నగరం విడిచి పారిపోసాగారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమయింది. ఓడల్లో చోటు దొరకని లక్షల మంది అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ దారిన కాలినడకన బయలుదేరారు. దారిలో కలరాకూ, మలేరియాకూ, ఆకలికీ ప్రాణాలు విడిచినవారు వేల సంఖ్యలో ఉన్నారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడటంతో, రంగం నుంచి ప్రాణాలతో బయటపడి వచ్చినవారు సొంత తీరంలోనూ అదే భయాన్ని ఎదుర్కొన్నారు.

యుద్ధానంతరం బర్మా 1947లో చేసిన వలస చట్టం పాస్‌పోర్టు, వీసా నిబంధనను శాశ్వతం చేసింది. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలను జాతీయం చేసి పెద్ద నోట్లను రద్దు చేశాక, అక్కడ తరాలుగా ఉన్న భారతీయులు లక్షకు పైగా తిరిగి రావలసివచ్చింది. విశాఖకు చేరినవారి పునరావాసానికి గుర్తుగా కంచరపాలెం ప్రాంతంలో 'బర్మా క్యాంప్' పేరు నేటికీ నిలిచి ఉంది.

ఇటు ఇండియాలో 1922 చట్టం స్థానంలో 1983లో కొత్త వలస చట్టం వచ్చింది. పదో తరగతి పాస్ కానివారు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ వలస అనుమతి తీసుకోవాలన్నది దాని కింద అమలవుతున్న ఏర్పాటు. గాజువాక, ఉద్దానం ప్రాంతాల వెల్డర్లూ, ఫిట్టర్లూ గల్ఫ్ దేశాలకు ఈ దారినే వెళ్తున్నారు. కానీ మేస్త్రీ స్థానంలో వచ్చిన అనధికార ఏజెంటు ఈ దారిని తప్పించే ఉపాయం నేర్చుకున్నాడు. టూరిస్టు వీసా మీద ముందు ఒక దేశం చేర్చి, పని వీసా అక్కడికి వెళ్లాక ఇప్పిస్తామని చెప్పి, పొరుగు దేశానికి తరలించడమే ఆ ఉపాయం. కంప్యూటర్ ఉద్యోగాలని నమ్మి బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేరిన విశాఖ యువకులను అక్కడ సైబర్ మోసాల పనిలో బంధించిన సంగతి 2024 మేలో విశాఖ పోలీసుల దర్యాప్తులో వెల్లడై, కొందరు ఆ నెలలోనే తిరిగి రాగలిగారు. పాస్‌పోర్టు లాక్కోవడం, ముందు చేసిన ఖర్చును బాకీగా చూపి కదలనివ్వకపోవడం రంగం మేస్త్రీ పద్ధతికి చాలా దగ్గరగా ఉన్నాయి. అనుమతి తప్పనిసరైన ఆ 18 దేశాల్లో థాయిలాండ్ ఉంది గానీ కంబోడియా, మయన్మార్ లేవు. పైగా టూరిస్టుగా వెళ్లేవాడిని ఆ నిబంధన అసలు తాకదు. జాబితాను సవరించడంతో పాటు, కూలీ పత్రాలను పరిశీలించేంత శ్రద్ధగా ఏజెంటు వసూళ్లను కూడా బయలుదేరే ఊళ్లోనే పరిశీలించే ఏర్పాటు ప్రభుత్వాలు చేయాలి.